ఒత్తి కాలకముందే

ఓర్పుకు పేరుపడ్డ మనిషికి నొప్పి వస్తే కష్టాలు రెండు. నొప్పి ఒకటి, పేరు ఒకటి. వన్నూరమ్మకు ఆ రెండూ ఒకేసారి వచ్చిపడ్డాయి.

వన్నూరమ్మది దూది ఏకే ఇల్లు. భర్త ఖాసీం పరుపులు కుడుతూ ఊరూరా తిరుగుతాడు. ఆమె మాత్రం ఎర్రగుట్ట కింద ఉన్న చిన్న దర్గాలో, దస్తగిరమ్మ అనే ముసలి గురువమ్మ దగ్గర శిష్యురాలై ఏళ్లయింది. దస్తగిరమ్మదీ దూది ఏకిన చెయ్యే. వయసు మీదపడినా దూదేకే విల్లును వదల్లేదు. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా దూది ఏకుతూ వింటుంది. ఒక మాట అంటే అంటుంది, లేకపోతే లేదు. ఊరంతా ఆమెను జేజి అంటుంది.

ఆ దర్గాలో ఉన్నది జేజి గురువుగారి గోరీ. గోరీ తలవైపు గోడలో, మనిషి తలెత్తున ఒక గూడు ఉంది. గూట్లో ఆముదపు దీపం. ఆ దీపం ఆరకూడదు. ఒత్తులు చేయడం, ఆముదం పోయడం శిష్యుల్లో ఒక్కరి పనే. అది వన్నూరమ్మ పని. ఆమె చేతికి వచ్చాక దీపం ఎన్నడూ ఆరలేదు. కొత్తగా వచ్చినవాళ్లకు ఆమె చెప్పే మొదటి పాఠం కూడా దాని గురించే.

"ఆముదం ఉన్నంతసేపు ఆముదం మండుతుంది. అది అయిపోతే ఒత్తి మండుతుంది. ఒత్తి దాకా రానీయాకండి."

అలాంటి వన్నూరమ్మకు కుడి రొమ్ములో గడ్డ కనబడింది. టౌను ఆసుపత్రిలో రొమ్ము తీసేశారు. చంకలోని గడ్డలు కూడా తీశారు. ఇంటికి పంపేరోజు డాక్టరమ్మ మంచం అంచున కూర్చుని మరీ చెప్పింది.

"ఈ చిన్న మాత్రలు నొప్పి ఉన్నా లేకపోయినా వేళకు వేసుకోవాలి. అన్నం తిన్నాక. ఈ గట్టి మాత్ర మటుకు, అవి వేసుకున్నా తట్టుకోలేనప్పుడే. ఇది మత్తు మాత్ర, అలవాటు కాకూడదు. చెయ్యి రోజూ కొంచెం కొంచెం పైకి ఎత్తాలి. గోడమీద వేళ్లు పాకించు. చెయ్యి తలమీదికి వస్తేనే కరెంటు పెట్టగలం. అది ఆలస్యమైతే మనకు మంచిది కాదు వన్నూరమ్మా."

కరెంటు పెట్టడం అంటే జబ్బు మళ్లీ మొలవకుండా ఇచ్చే రేడియేషన్. ఆ వార్డులో చీపురు పట్టే మనిషి దగ్గరనుంచి అందరూ దాన్ని అలాగే అంటారు. వన్నూరమ్మ బుద్ధిగా తల ఊపింది. తల ఊపడంలో ఆమెను మించినవాళ్లు లేరు.

ఇంట్లో చూసుకునే దిక్కు లేదని జేజి ఆమెను తన దగ్గరకే తెచ్చుకుంది. దర్గాకు ఎదురుగా ఉన్న తన గది వసారాలో మంచం వేసింది. మంచం మీద పడుకుంటే తెరిచిన దర్గా తలుపులోంచి గూటి దీపం కనిపిస్తుంది. దీపం పని ప్రస్తుతానికి జేజి మీద పడింది.

చూసిపోవడానికి ఆడవాళ్లు రావడం మొదలుపెట్టారు. చేతిలో నిమ్మకాయలో, బెల్లం ముక్కో, ముఖంలో జాలి.

"ఎట్లుందమ్మే ఒంట్లో?"

"ఉండాది. ఓర్చుకుంటాండా," అంది వన్నూరమ్మ.

"చూడండే! అంత కోత కోసినా ఒక్క మాత్ర మింగకుండా ఎట్లా ఓర్చుకుంటాందో!" అంది వాళ్లలో ఒకామె.

మాత్ర మింగలేదని వన్నూరమ్మ అనలేదు. మింగుతున్నానని కూడా అనలేదు. ఆ మాట దర్గా మెట్లు దిగి, బోరింగు దగ్గర ఆగి, ఊళ్లోకి వెళ్లిపోయింది. మర్నాడు వచ్చినవాళ్లు ఆమె మంచానికి కూడా దండం పెట్టేలా ఉన్నారు. ఇక ఇప్పుడు మాత్ర మింగడం ఎలా?

అదీగాక చిన్న మాత్రలంటే ఆమెకు చులకన. జ్వరానికి వేసుకునే మాత్ర, ఇంత కోతకు ఏం ఆనుతుంది? నొప్పి లేనప్పుడు మాత్ర ఎందుకు, దండగ కాకపోతే? ఆ అట్టలన్నీ ఒత్తుల దూది బుట్టలో అడుగున దాచిపెట్టింది. జేజి అడిగితే వేసుకున్నానని చెప్పింది.

పొద్దున పూట బాగానే ఉండేది. వచ్చినవాళ్లతో రెండు మంచి మాటలు కూడా చెప్పేది. ఎండ ఎక్కేసరికి చంకలో మంట మొదలయ్యేది. పళ్లు బిగించేది. మధ్యాహ్నానికి ఆ మంట రొమ్ము లేని చోటంతా పాకి, భుజం ఎక్కి, వీపులోకి దిగేది. అప్పుడు మాత్రం ఓర్పూ లేదు, గీర్పూ లేదు. గది తలుపు వెనక్కి పోయి గట్టి మాత్ర మింగేది. ఒక్కోసారి అది పనిచేసేదాకా కూడా ఆగలేక ఏడ్చేది.

దాంతో మత్తుగా నిద్ర. లేస్తే తలలో బూరుగు దూది కుక్కినట్టు, నోరు ఎండిపోయి, కడుపు బిగదీసుకుపోయి. చెయ్యి ఎత్తే ఊసే లేదు, కుట్లు పిగిలిపోతాయని భయం. కుడిచేతిని ఒంటికి అతికించుకుని కూర్చునేది. మళ్లీ నొప్పి, మళ్లీ తలుపు వెనక్కి. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకుంది. పైగా ఆ గొడ్డలి కూడా దొంగచాటుగానే.

గట్టి మాత్రల అట్ట ఖాళీ అవుతూ వచ్చింది. ఖాసీంకు ఫోన్ చేసి ఇంకొకటి తెమ్మంది. అతను సాయంత్రానికి ఉత్తచేతులతో వచ్చాడు.

"డాక్టరమ్మ చీటీ లేకుంటే ఇయ్యరంట. అయినా, ఆ మాత్ర అన్ని దినాలు రావాల్సింది కదా, అప్పుడే ఎట్లా అయిపోయింది అని అడిగినాడు షాపాయప్ప. నాకేం తెలుసు?" అన్నాడు.

వన్నూరమ్మకు చాలా భయమేసింది. ఆసుపత్రికి పోవాల్సిన రోజు దగ్గరికొస్తోంది. చెయ్యి నడుము దాటి లేవడం లేదు. కరెంటు పెట్టకుండా వెనక్కి పంపేస్తే? జబ్బు మళ్లీ వస్తే? పోనీ ఎవరికైనా చెప్పుకుందామంటే, ఊరంతా ఆమె ఓర్పును పొగుడుతోంది. మింగలేక, కక్కలేక ఉంది.

జేజి వసారాలో కూర్చుని బూరుగు దూది ఏకుతోంది. వన్నూరమ్మ మెల్లిగా మాట కదిపింది.

"జేజీ, ఓర్పు గొప్పది కదా?"

"గొప్పదే."

"ఎంత నొప్పైనా ఓర్చుకోవల్ల కదా?"

జేజి ఏకిన దూదిని ఒక చిన్న గుడ్డసంచిలో నింపి, మూతి కుట్టింది. అరచెయ్యంత మందం, మూరెడు పొడవు. తెచ్చి మంచం మీద పెట్టింది.

"చంక కింద పెట్టుకో. చెయ్యి ఒరుసుకోదు."

వన్నూరమ్మకు చిన్నతనం అనిపించింది. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ దిళ్లు కుట్టిన ఇంటి కోడలు తను. తనకే దిండా!

"నాకెందుకు జేజీ, ఇంకెవరికన్నా ఇయ్యి."

జేజి బలవంతం చెయ్యలేదు. దిండును తీసి నేలమీద వేసింది. దర్గా పిల్లి ఎక్కడినుంచి చూసిందో, వచ్చి దానిమీద ముడుచుకుని పడుకుంది.

"దానికి భేషజం లేదు," అని జేజి మళ్లీ విల్లు అందుకుంది.

మర్నాడు పొద్దు గుంకే వేళ. వన్నూరమ్మ మంచం మీద కూర్చుని ఉంది. మధ్యాహ్నం మింగింది అట్టలో చివరి గట్టి మాత్ర. దాని మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు, నొప్పి మాత్రం అప్పుడే తొంగిచూస్తోంది. ఎదురుగా దర్గా లోపల చీకటి పడుతోంది. గూటి దీపం చిన్నదైంది. వెలుగు ఎర్రబడింది.

జేజి కొమ్ముచెంబులాంటి ఆముదం గిండి పక్కన పెట్టుకుని దర్గా గడపమీద కూర్చుంది. గిండి నిండుగానే ఉంది.

"జేజీ, ఆముదం అయిపోతాంది," అంది వన్నూరమ్మ.

"చూస్తానే ఉండా."

"పోయ్యి మరి."

"ఆరలేదు కదా. ఆరినంక పోస్తాలే."

ముసలితనం అనుకుంది వన్నూరమ్మ. గొంతు పెంచింది.

"ఆరినంక పోసేదేంది జేజీ? ప్రమిద ఎండిపోయింది చూడు. ఒత్తి కాలుతాంది. వాసన రాలేదా నీకు?"

"వస్తాంది."

"వస్తాంటే లెయ్యి!"

జేజి కాళ్లు చాపుకుని ఇంకా సుఖంగా కూర్చుంది.

"ఓర్చుకోనీ మే. అంత పెద్ద గురువు దీపం. ఆ మాత్రం ఓర్పు ఉండదా దానికి?"

వన్నూరమ్మ ఇంకో మాట వినలేదు. మంచం దిగింది. నొప్పి గుర్తులేదు, మత్తు గుర్తులేదు. వసారా దాటి, గడప దాటి, గిండిని ఎడమచేత్తో అందుకుంది. ఎడమచెయ్యికి అలవాటు లేని పని. సగం ఆముదం గోడమీద కారింది. ప్రమిదలో పడింది గానీ ఒత్తి పట్టుకోలేదు. కాలి బొగ్గైన ఒత్తి ఆముదాన్ని పీల్చదు, ఎంత పోసినా అంతే. మంట ఆవగింజంత అయింది.

"కొత్త ఒత్తి!" అని అరిచి, తనే వెనక్కి పరుగెత్తింది. బుట్టలోంచి పిడికెడు దూది లాగి, అక్కడే చతికిలబడి రెండు అరచేతుల మధ్య ఒత్తి నలిమింది. మళ్లీ లోపలికి వచ్చి, ప్రమిదను ఎడమచేత్తో కిందికి దించి, కుడిచేతి వేళ్లతో ఒత్తి వేసి, మిణుకుమంటున్న ఆ ఆవగింజకు దాని కొన తాకించింది. ఊపిరి బిగబట్టి చూసింది.

దీపం అంటుకుంది.

ప్రమిదను గూట్లో పెట్టి గోడకు ఆనుకుని నిలబడింది. కోపంతో ఏడుపొచ్చింది.

"ఆరిపోయుంటే? చెప్పు జేజీ, ఆరిపోయుంటే ఏం చేస్తుంటివి?"

జేజి నిదానంగా అడిగింది.

"నువ్వు ఎట్లా పోస్తా ఉంటివి?"

"ఎట్లా ఏంది? ఎండకముందే పోస్తా ఉంటి. యాళకు యాళకు. రోంత రోంత."

"తక్కువైందా లేదా చూసుకోకుండానా?"

"చూసేదేముంది? తక్కువ కానీయకుండా పోసేదే కదా..."

అక్కడ ఆగిపోయింది వన్నూరమ్మ.

జేజి లేచి గోడమీది ఆముదపు మరకను పాతగుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. వన్నూరమ్మ బుట్ట దగ్గరకు పోయింది. హడావిడిలో దూది లాగేసరికి అడుగున దాచిన అట్టలు బయటపడి ఉన్నాయి. జేజికి కనబడేట్టుగానే ఉన్నాయి. దాచే ప్రయత్నం చెయ్యలేదు. వాటిని తెచ్చి జేజి ముందు పెట్టి కూర్చుంది.

"నేను ఓర్చుకోలేదు జేజీ. అందరికీ అబద్ధం చెప్పినా. తలుపు వెనక మత్తు మాత్ర మింగతా ఉంటి. అది కూడా అయిపోయింది."

"తెలుసులే."

"ఎట్లా తెలుసు?"

"తలుపుకు కింద సందు ఉండాది మే. నీ కాళ్లు కనపడవా?"

ఏడుస్తున్న మనిషికి నవ్వొచ్చింది. నవ్వితే కుట్ల దగ్గర లాగింది. చంక నొక్కుకుంటూ అట్టలవైపు చూసింది.

"ఇన్ని మిగిలిపోయినాయి. అన్నీ కలిపి మింగితే నొప్పి పోతుందేమో..."

"ఆరబోయే దీపం మీద గిండి అంతా గుమ్మరిస్తావా? పొద్దున్నే డాక్టరమ్మకు ఫోన్ చెయ్యి. దాచింది దాచినట్టు చెప్పు. ఆయమ్మ ఎట్లా చెప్తే అట్లా. ఇప్పుడు అన్నం తిని, ఈ యాళది ఈ యాళకు వేసుకో."

మర్నాడు ఫోన్‌లో డాక్టరమ్మ కోప్పడలేదు. చెప్పిందంతా విని, చిన్న మాత్రల వేళలు మళ్లీ చెప్పి, గట్టి మాత్రలు కొద్దిగా రాసిస్తాననీ, అవి ఇంట్లో ఇంకొకరి చేతిలో ఉంచమనీ అంది. ఖాసీం పోయి చీటీతో తెచ్చి జేజి చేతికిచ్చాడు. జేజి వాటిని చీర కొంగున ముడి వేసుకుంది.

ఆ రోజునుంచి దీపానికి ఆముదం పోసిన వేళల్లోనే వన్నూరమ్మకు మాత్ర. అందరూ ఉన్నా సరే, లేకపోయినా సరే, ఏదో ఒకటి తిని మాత్ర వేసుకునేది. నొప్పి పోలేదు. కానీ ఆ నొప్పి వాకిట్లోనే కూర్చుంది, ఇంట్లోకి రాలేదు. పిల్లి దగ్గరనుంచి దిండు కూడా లాక్కుంది. పిల్లి కొన్నాళ్లు ఆమెతో మాట్లాడలేదు.

గూటి కింద గోడకు నిలబడి వేళ్లు పాకించడం మొదలుపెట్టింది. సున్నం కొట్టిన గోడ. వేళ్లు ఎంతదాకా పోతే అక్కడ జేజి దీపపు మసితో ఒక బొట్టు పెట్టేది. మొదటి బొట్టు భుజం కింద ఉంది. కొన్ని బొట్లు పక్కపక్కనే పడ్డాయి, ఒక రోజుది కిందికి కూడా జారింది. "గోడ పాడైపోతాంది జేజీ," అంటే, "ఉరుసు పండక్కి సున్నం ఎట్లాగూ కొట్టల్ల," అంది జేజి.

ఒకనాడు హుషారుకొద్దీ చెయ్యి అతిగా సాగదీసింది. సాయంత్రానికి మంట తిరగబెట్టింది. చిన్న మాత్ర వేసుకున్నా తగ్గలేదు. చల్లటి తడిగుడ్డ వేసుకుంది, దిండు సర్దుకుంది. అయినా తగ్గలేదు. గట్టి మాత్ర అడగడానికి నోరు రాలేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

జేజి వచ్చి కొంగు ముడి విప్పింది.

"తీస్కో."

"వద్దు జేజీ. మళ్లీ అదే దారి..."

"ఉరుసు రోజు కాగడా ఎత్తుతామా లేదా?"

"ఎత్తుతాం."

"తెల్లారినంక?"

"ఆర్పేస్తాం."

"ఇంకేం మరి."

వన్నూరమ్మ మాత్ర మింగింది, ఈసారి తలుపు వెనక కాదు. పడుకుని లేచింది. మర్నాడు మళ్లీ చిన్న మాత్రే సరిపోయింది. గోడమీద బొట్టు ఒక వేలెడు కిందనే పెట్టుకుంది, సిగ్గుపడకుండా.

ఆసుపత్రికి పోయిన రోజు డాక్టరమ్మ బల్లమీద పడుకోబెట్టి చెయ్యి ఎత్తమంది. వన్నూరమ్మ కళ్లు మూసుకుంది. గూడు గుర్తు తెచ్చుకుంది. చెయ్యి లేచింది, మధ్యలో ఒకచోట ఆగింది, కొంచెంసేపటికి మళ్లీ లేచింది. తల దాటి బల్లకు ఆనింది.

"వచ్చే వారం మొదలుపెడదాం," అంది డాక్టరమ్మ. బయట బెంచీ మీద కూర్చున్న ఖాసీం ఆ మాట విని, ఏం చెయ్యాలో తోచక, ఎవరిదో వాటర్ బాటిల్ తీసుకుని గటగటా తాగేశాడు.

తిరిగి వచ్చేసరికి జేజి వసారాలో పక్క ఊరినుంచి వచ్చిన మనిషి ఒకామె కూర్చుని ఉంది. పేరు సుంకమ్మ. వయసులో వన్నూరమ్మకంటే చిన్నది. ఆమెకూ రొమ్ములో గడ్డేనంట. ఆపరేషన్‌కు రమ్మన్నారు. భయంతో ముఖం పీక్కుపోయింది. వన్నూరమ్మను చూడగానే లేచి చేతులు పట్టుకుంది.

"అక్కా, నీ గురించి విని వచ్చినా. ఒక్క మాత్ర కూడా మింగకుండా ఓర్చుకున్నావంట. అంత ఓర్పు నాకు లేదు. ఎట్లా వస్తుందో చెప్పక్కా."

వన్నూరమ్మ జేజివైపు చూసింది. జేజి దూది ఏకుతోంది, తల ఎత్తలేదు.

"మింగినా సుంకమ్మా," అంది వన్నూరమ్మ. "యాళకు మింగినా. మొదట్లో మింగకుండా మొండికేసి చానా అవస్థ పడినా. అది పెద్ద కథలే, చెప్తా. ఉండు, యాళైంది."

చేతిసంచిలోంచి బన్ను తీసి సగం తుంచి తినింది, మాత్ర వేసుకుని నీళ్లు తాగింది. సుంకమ్మ కళ్లముందే. తర్వాత గిండి అందుకుని దర్గా లోపలికి పోయింది. సుంకమ్మ కూడా వెనకే వెళ్లింది.

గోడమీద మసిబొట్లు కిందినుంచి వంకరటింకరగా ఎక్కి గూటి అంచు దాకా పోయాయి. వన్నూరమ్మ గిండిని కుడిచేతిలోకి మార్చుకుంది. చెయ్యి ఎత్తింది. లాగింది, ఆగింది, మళ్లీ ఎత్తింది. ఆముదం సన్నటి ధారగా, ఒక్క చుక్క బయటపడకుండా ప్రమిదలోకి దిగింది.

సుంకమ్మ మునివేళ్లమీద లేచి ప్రమిదలోకి తొంగిచూసింది.

"ఇంకా సగానికి ఉండాది కదక్కా. మంట కూడా బాగుండాది. అప్పుడే పోస్తాండావే?"

వన్నూరమ్మ చెయ్యి మెల్లిగా కిందికి దించుకుంది.

"బాగుండంగానే పోయల్లమ్మా," అంది.

వసారాలో విల్లు చప్పుడు ఆగింది. జేజి కొత్త గుడ్డముక్క ఒకటి తీసి, మూరెడు పొడవు కొలుచుకుని, ఏకిన బూరుగు దూదిని దగ్గరికి లాక్కుంది.